అరచేతిలో పులుసు చుక్క

కిందటి వారం గంగారత్నాన్ని దొరగారి వంటింట్లో, నలిపిన వామాకు ముక్కు దగ్గర పట్టుకుని ఉండగా, అలాగే నిలబెట్టి వదిలేశాం. ఆ ఆకు ఘాటు వీధిలో పోయేవాడికి కూడా తెలుస్తుంది. ఆమెకు తెలియలేదు. ఈ వారమే కొత్తగా మన వెంట వచ్చినవారి కోసం నాలుగు మాటలు చెప్పి, ఆ వంటింట్లోకి వెళదాం.

గంగారత్నం కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. మొగుడు పోయాక యానాం వెళ్ళి, అక్కడి ఫ్రెంచి డాక్టరు ఇంట్లో వంటకు కుదిరి, జుట్టు నెరిసేదాకా ఆ పొయ్యి దగ్గరే గడిపింది. డాక్టరు తన దేశం వెళ్ళిపోయాక ఊరికి తిరిగొస్తే, సారా పోసి వండే ఇంట్లో తిన్న మనిషని కులం ఆమెను గడప తొక్కనివ్వలేదు. తినలేదని ఆమె అంది. అయితే ఒట్టు పెట్టమన్నాడు కులపెద్ద ఏడుకొండలు. ఆమె కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మ ఎదుట నిలబడి, తను పెంచి పెద్ద చేసిన తమ్ముడు చిట్టిబాబు తల మీద చెయ్యి వేసి, ఆ వంట ఇంతవరకూ నోట పెట్టలేదు, ఇక ముందూ పెట్టను అంది. అది నిజం కూడాను.

రుచి చూడకుండా ఫ్రెంచివాళ్ళకి ఇన్నేళ్ళు ఎలా వండిందని మీకు అనుమానం రావచ్చు. ముక్కుతో వండింది. ఉప్పు చేతి కొలత. మిగిలినదంతా వాసన. మూత కొంచెం ఎత్తి, ఆవిరిని చేత్తో మొహం మీదికి విసురుకుని, వెన్న ఏ పాకంలో ఉందో, ఉల్లిపాయ తియ్యదనానికి వచ్చిందో లేదో చెప్పేసేది. తరవాత తెర చాటున నిలబడి, మొదటి ముద్ద తిన్న మనిషి మొహం చూసేది. ఆ మొహమే ఆమెకు నాలుక.

ఇక తమ్ముడి సంగతి. కొల్లేట్లో కొత్తగా లేచిన కట్ట ఒకటి పడవల దారి మూసేసింది. దానికి రాత్రికి రాత్రి గండి పడింది. కొట్టినవాళ్ళు చాలామంది, దొరికింది చిట్టిబాబు ఒక్కడు. ఫిర్యాదు ఇచ్చింది ఈ బంగళా దొరే, కాలువల ఇంజనీరు. ఆయన దాన్ని వెనక్కి తీసుకుంటే కేసు లేదు. కులపెద్ద వచ్చి పూచీ పడితే ఆలోచిస్తానన్నాడు దొర. దొరసాని చెబితే ఆలోచన కూడా అక్కర్లేదని బంగళాలో నౌకర్లందరి నమ్మకం.

ఆ దొరసాని ఫ్రాన్సు దేశపు మనిషి. ఏలూరు ఎండలకు తిండి సహించక చిక్కి సగమయింది. చిన్నప్పుడు ఏటి ఒడ్డున, అమ్మమ్మ ఇంట్లో తిన్న, పాములా ఉండే మలుగుపాము చేప పులుసు మళ్ళీ ఒకసారి తినాలని ఆవిడ కోరిక. దాన్ని వాళ్ళు మత్లోత్ అంటారు. అది వండిపెడితే చిట్టిబాబు మాట దొర చెవిన వేస్తానంది. ఒకటే షరతు. వండిన మనిషి రుచి చూడకుండా తన బల్ల మీదికి ఏదీ రాకూడదు. ఇదివరకటి వంటవాడు ఆ తప్పుకే మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. గంగారత్నం తల ఊపింది. తమ్ముడు జైల్లో ఉండగా తల ఊపక ఏం చేస్తుంది చెప్పండి. నా ముక్కు ఉండగా నాలుకతో పనేమిటిలే అనుకుంది.

ఆ ముక్కే పోయింది. తమ్ముడి కోసం ఎవరినో బతిమాలడానికి తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడి సత్రంలో జ్వరంతో పడి లేచిన దగ్గర్నుంచీ అన్నం మట్టిలా ఉంటే, జ్వరం నోరు, అదే పోతుందిలే అనుకుంది. వామాకు నలిపినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు.

సరే, కథలోకి వద్దాం.

"ఏంటక్కా, అలా నిలబడిపోయావు? నీ పక్కన మసిగుడ్డ కాలిపోతోంది."

ఆ మాట అన్నది కృపమ్మ. బంగళాలో ఆయా, వట్లూరు మనిషి, నోరు పెద్దదే గానీ మనసు మంచిది. కుంపటి అంచున పడిన మసిగుడ్డను పటకారుతో లాగి కింద పడేసి కాలితో తొక్కింది. వంటిల్లంతా పొగ కమ్ముకుంది. కృపమ్మ దగ్గుతూ కిటికీ తలుపు తోసి, వెనక్కి తిరిగి గంగారత్నం మొహం చూసింది. ఆ మొహంలో పొగ కమ్మిన జాడే లేదు.

"నీకు తెలియలేదా అక్కా?"

"తెలియలేదు."

"ఇంత కంపు తెలియలేదా?"

గంగారత్నం తలుపు వంక చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నా ముక్కు పోయింది కృపా. జ్వరంతో పాటే పోయింది. ఎవరికీ చెప్పకు."

ఏ కాలో చెయ్యో పోయిందంటే కృపమ్మ ఏడ్చి ఉండును. ముక్కు పోవడమంటే ఏమిటో ఆమెకు వెంటనే తట్టలేదు. జలుబుకు శొంఠి కషాయం పెట్టిస్తానంది. ఇది జలుబు కాదని చెప్పడానికి గంగారత్నానికి ఓపిక లేదు. మధ్యాహ్నం భోజనానికి మత్లోత్ బల్ల మీద ఉండాలి.

వెనక వసారాలో ఏడుకొండలు కూర్చుని ఉన్నాడు. తెల్లారకముందే కొల్లేటి నుంచి పడవ వేసుకుని, కాలువ మీదుగా మలుగుపాముల కుండ తనే మోసుకొచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచి, దొర ఎప్పుడు పిలుస్తాడా అని ఓపిగ్గా చుట్ట కాల్చుకుంటున్నాడు. గంగారత్నం బూడిద కోసం బయటికి వస్తే పలకరించాడు.

"ఏవమ్మాయ్, పాములు బాగున్నాయా?"

"బాగున్నాయి పెదనాన్నా. మంచి కండ పట్టి ఉన్నాయి."

"మీ తమ్ముడు చేపలకి కట్టిన వెదురు మావుల్లో పడ్డవే. వాడు లేకపోయినా వాడి మావులు పని చేస్తున్నాయి." ఆయన చుట్ట నుసి దులిపాడు. "నీ మీద మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా. దాచుకోను. కానీ నువ్వు అమ్మవారి ముందు ఒట్టు పెట్టిన రోజు నుంచి నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దొర అడిగితే అదే చెబుతాను. ఆ ఇంట్లో మాటంటే మాటేనండి, ఆ కుర్రాడికి నేను పూచీ అని చెబుతాను. మరింకేం చెప్పను, నాకు ఇంగిలీషా ఏవన్నానా."

"మీ దయ పెదనాన్నా," అని గంగారత్నం బూడిద తీసుకుని లోపలికి వచ్చేసింది. ఆయన మంచివాడు. మంచివాడు కావడమే ఆమె ప్రాణానికి వచ్చింది.

మలుగుపాము చేతికి చిక్కే జీవం కాదు. బూడిద పూసి పట్టు చిక్కించుకుని, మెడ దగ్గర చుట్టూ గాటు పెట్టి, తోలు ఒక్క లాగుతో ఊడదీసింది. ముక్కలు కోసింది. ఇనప గిన్నెలో వెన్న వేసి చిన్న ఉల్లిపాయలు దోరగా వేయించింది. ఇంతవరకూ కళ్ళు చాలు. పాము ముక్కలు వేసి, పైన పిండి చల్లి, యానాం నుంచి తెప్పించిన ఎర్ర వైను పోసింది. అది భుగ్గుమని పొంగేసరికి కృపమ్మ పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ దాకా జరిగింది.

పలావు ఆకూ వామాకూ దారంతో కట్టి గిన్నెలో పడేసింది గంగారత్నం. యానాంలో అయితే దీనికి వేరే చిన్నాకు ఉండేది, డాక్టరు పెరట్లో పెంచేవాడు. ఇక్కడ వామాకే గతి. మోతాదు ఏమాత్రం ఎక్కువైనా పులుసు కాస్తా కడుపునొప్పి మందు అయిపోతుంది. ఆ మోతాదు చెప్పవలసింది ముక్కే.

"ఇటు రా కృపా. చెంగు తియ్యి. వాసన ఎలా ఉంది?"

"సారా వాసనలా ఉందక్కా."

"పచ్చి వాసనా, ఉడికిన వాసనా? పచ్చిదయితే ముక్కులో గుచ్చుతుంది. ఉడికితే మగ్గిన నేరేడు పండులా మెత్తగా వస్తుంది."

కృపమ్మ గిన్నె మీదికి వంగి, ఊపిరి పీల్చినట్టే పీల్చి, మళ్ళీ చెంగు అడ్డం పెట్టుకుంది. "సారాలో పచ్చీ పండూ ఏముంటుందక్కా. పాపం పాపమే."

"పోనీ ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని చెప్పు. తరవాత ఉమ్మెయ్యి."

కృపమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏవైనా అడుగు, చేస్తాను. ఇదొక్కటీ అడక్కు. మా ఆయన తాగి తాగి పోయినప్పుడు, చర్చీలో అందరి ముందూ నిలబడి మాటిచ్చాను. ఈ పెదాలకి సారా తగలనివ్వనని. మా పిల్లల మొహం చూసి ఇచ్చిన మాట అక్కా అది."

ఒట్టంటే ఏమిటో గంగారత్నానికి ఒకరు చెప్పాలా? ఆమె ఇక అడగలేదు.

గిన్నెలో పులుసు చిక్కబడుతోంది. రంగు చూస్తే సరిగ్గానే ఉంది. రంగు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. దొరసానికి కావలసింది రంగు కాదు. అమ్మమ్మ ఇల్లు. తను ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు, ఆ పులుసు ఎన్నడూ తినలేదు, ఇప్పుడు దాని వాసన కూడా తెలియదు. గుడ్డివాడి చేత బండి తోలించినట్టుంది తన వంట. గరిటె తిప్పుతూనే ఆలోచించింది. రుచి చూస్తే ఒట్టు పోతుంది, ఒట్టుతో తమ్ముడి తల. చూడకపోతే పులుసు చెడుతుంది, పులుసుతో తమ్ముడి కేసు. ఎటు తిరిగినా వాడే.

కృపమ్మ పళ్ళేలు తుడవడానికి భోజనాల గదిలోకి వెళ్ళింది. వసారా వైపు గంగారత్నం వీపు పెట్టి నిలబడింది. గరిటెతో కాస్త పులుసు తీసి, ఎడం అరచేతిలో చుక్క వేసుకుంది. తెలుగు దేశంలో ఆడవాళ్ళందరూ రోజూ చేసే పనే అది. ఈ వంటకి మాత్రం ఆమె చెయ్యి ఇంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు.

తల్లీ, శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యి, వాడి జోలికి వెళ్ళకు అనుకుంది. అని, ఆ చుక్క నాకేసింది.

ఉప్పగా ఉంది. వెనకనే కొంచెం పుల్లగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని ఆగింది, మిగిలింది వస్తుందని. వెన్న రాలేదు. ఉల్లిపాయ రాలేదు. కొల్లేటి బురదలో పెరిగిన పాము కండ రాలేదు. యానాం వంటింట్లో ఇన్నేళ్ళు పొద్దస్తమానం పీల్చిన ఆ వైను రాలేదు. మరో చుక్క వేసుకుంది. అదీ అంతే. ఉప్పూ పులుపూ కలిపిన వేణ్ణీళ్ళు.

అప్పుడర్థమయింది. ముక్కు పోతే నాలుక మిగిలిందనుకుంది ఇంతసేపూ. నాలుకకి సొంతంగా తెలిసింది ఇంతే, మిగిలిందంతా ముక్కు పెట్టిన భిక్ష. జ్వరం నోరు అనుకున్నది జ్వరం నోరు కాదు. ఒట్టు తప్పింది, తప్పినందుకు చేతిలో ఏమీ పడలేదు. దొంగతనానికి వెళ్ళి ఖాళీ ఇంట్లో దొరికిపోయిన మనిషికైనా ఇంత సిగ్గు వెయ్యదు.

పక్క తలుపు తీసుకుని నూతి గట్టు దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి కడిగింది. నోరు పుక్కిలించింది. మళ్ళీ కడిగింది. చిట్టిబాబు చిన్నప్పుడు కలరా తగిలితే, ఇలాగే నూతి దగ్గర కూర్చుని వాడి గుడ్డలు ఉతికింది. అప్పుడు వాడు బతికాడు. ఆ తల మీదే అమ్మవారి ముందు చెయ్యి వేసింది, అంతకంటే విలువైనది తన దగ్గర లేదు గనక. ఏడుపు వచ్చింది. ఏడిస్తే వసారాలో పెద్దాయనకు వినబడుతుందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. కుంపట్లో బొగ్గులు కణకణలాడుతూ ఉన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

భోజనాల గంట వినిపించి పరుగెత్తుకొచ్చేసరికి కృపమ్మ గిన్నె దింపి ఉంది. పులుసు బాగా చిక్కబడింది. రంగు ఇంకా బాగుంది. పింగాణీ పాత్రలోకి వంచి, ముక్కల మీద వేయించిన రొట్టె ముక్కలు పేర్చి పంపించింది గంగారత్నం. గిన్నె అడుగు చూడలేదు. వంగి చూసే వ్యవధి లేదు.

తెర చాటున నిలబడింది. అలవాటయిన చోటే. దొర ఇంగిలీషు మనిషి, ఏం పెట్టినా మిరియాల పొడి చల్లుకుని తినేస్తాడు. ఆయన మొహం వల్ల లాభం లేదు. దొరసాని మాత్రం స్పూను ఎత్తకముందే నవ్వింది. చిన్నపిల్లలా కుర్చీ ముందుకు జరుపుకుంది. మొదటి స్పూను నోట్లో పెట్టుకుంది.

నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. ఆవిడ మెల్లిగా నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది. రెండో స్పూను సగం దాకా ఎత్తి దించేసింది. చాలా దూరం ప్రయాణం చేసి వచ్చి, తలుపు తాళం వేసి ఉంటే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. గంగారత్నం తన జన్మలో ఎన్నో మొహాలు చదివింది. ఇంత స్పష్టంగా ఉన్న మొహం ఇంకోటి చూడలేదు.

వెనక్కి వచ్చి గరిటెతో గిన్నె అడుగు గీకి చూసింది. గరిటెకు నల్లటి మాడు వచ్చింది.

"కృపా, ఇది మాడింది."

"మాడిందా?" కృపమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. "నాకు ఏదో వాసన వచ్చిందక్కా. నువ్వు నూతి దగ్గర ఉన్నప్పుడే వచ్చింది. ఆ సారా కూర వాసనే అంత కాబోలనుకున్నాను. మన కూర అయితే నాకు తెలియదూ, పరిగెత్తుకొచ్చి దింపనూ? వాళ్ళ కూర వాసన నాకేం తెలుసక్కా."

తప్పు ఆమెది కాదు. ఏ కూర మాడినా కనిపెట్టే ముక్కు ఆ వంటింట్లో ఒకటి ఉంది. అది ఈ పులుసును మాత్రం పాపం కింద జమ కట్టి చెంగు అడ్డం పెట్టుకుంది. రెండో ముక్కు తాడేపల్లిగూడెం సత్రంలో ఉండిపోయింది.

దొరసాని బల్ల దగ్గర్నుంచి లేచి స్వయంగా వంటింట్లోకి వచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే కాళ్ళ మీద పడవచ్చును. ఎప్పుడూ గంగారత్నంతో ఫ్రెంచిలోనే మాట్లాడే మనిషి, ఈసారి అందరికీ తెలియాలని కాబోలు, తనకు వచ్చిన తెలుగులోనే అడిగింది.

"రత్నం, నువ్వు రుచి చూశావా?"

వంటింటి తలుపు తీసే ఉంది. దాని అవతల వసారాలో ఏడుకొండలు చుట్ట నోటి దగ్గర పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

కృపమ్మ అడ్డం వచ్చింది. "ఆవిడకి ఒంట్లో బాగోలేదండి అమ్మగారూ, జ్వరమొచ్చి లేచిందండి."

"నిన్ను అడగలేదు," అంది దొరసాని. "రత్నం, చూశావా, లేదా?"

లేదంటే షరతు తప్పినట్టు. చిట్టిబాబు మాట దొర చెవిన పడదు. చూశానంటే ఆ వసారాలో కూర్చున్న మనిషి వింటాడు. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాక కాదు. ఏ అబద్ధం చెబితే తమ్ముడు బతుకుతాడో తేలలేదు. తేలకముందే నిజం పెదవి దాటింది.

"చూశాను మదాం."

వసారాలో చుట్ట కిందికి దిగింది.

దొరసాని కొంచెంసేపు ఆమెను చూసింది. "చూసి కూడా పెట్టావా?"

ఆ ప్రశ్న వస్తుందని గంగారత్నం అనుకోలేదు. నాకు వాసన తెలియదు మదాం, మాడు తెలియదు, ఏమీ తెలియదు అని చెప్పవచ్చును. చెబితే వంటమనిషిగా ఆమె బతుకు ఆ క్షణానే ముగిసిపోతుంది, అయినా చెప్పాలనే నోరు తెరిచింది. దొరసాని అప్పటికే వెనక్కి తిరిగింది. పళ్ళెం తీసేయమని కృపమ్మకు సైగ చేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏడుకొండలు వచ్చి గడప అవతల నిలబడ్డాడు. ఆయన గొంతులో కూడా కోపం లేదు.

"నేను విన్నది సరేనా అమ్మాయ్?"

"సరే పెదనాన్నా."

"వాడి కోసమే చూశావు."

"వాడి కోసమే."

"నాకు తెలుసు," అన్నాడాయన. నిప్పు ఆరిన చుట్టను చెవి మీద పెట్టుకున్నాడు. "తెలిసి నేనేం చెయ్యనమ్మా. ఆ ఇంట్లో మాటంటే మాటే అని చెబుదామని వచ్చాను."

ఆయన మెట్లు దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. పడవ దగ్గరికి వెళ్ళిపోతాడనుకుంది గంగారత్నం. వెళ్ళిపోతే ఒక రకంగా నయం, రేపు మళ్ళీ కాళ్ళా వేళ్ళా పడవచ్చును. కానీ ఆఫీసు గదిలోంచి బంట్రోతు వచ్చి, కొల్లేటి నుంచి వచ్చిన పెద్దమనిషిని దొరగారు రమ్మంటున్నారని పిలిచాడు. ఏడుకొండలు చెప్పులు మళ్ళీ విడిచాడు. భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుని, గంగారత్నం వంక చూడకుండా ఆమె పక్కనుంచే లోపలికి నడిచాడు. ఆయన వెనక ఆఫీసు గది తలుపు మూసుకుంది.

కృపమ్మ పళ్ళెం చేత్తో పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "లోపల ఏం చెబుతాడక్కా పెద్దాయన?"

"దొర ఏం అడిగితే దానికి ఉన్నదే చెబుతాడు," అంది గంగారత్నం. "ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడలేదు."